పండుకంటే ముందు నీళ్లు

పండు తొక్క మీద ఉండే హానికర బ్యాక్టీరియాను తగ్గించడానికి క్లోరిన్, పెరాసిటిక్ ఆమ్లం, ఓజోన్ వంటి మందులు కలిపిన నీళ్లలో పళ్లను కడగడం నేడు ప్రపంచమంతటా ప్యాకింగ్ షెడ్లలో జరిగే పని. మందునీళ్లలో ముంచి తీస్తే పండు పూర్తిగా శుద్ధి అయిపోతుందన్నది ఈ పని చుట్టూ అల్లుకున్న పెద్ద అపోహ. ఒక తొట్టిలో వెయ్యి కాయలు ముంచితే అందులో ఒక్క కాయకు అంటిన పేడ మరక చాలు, నీళ్ల ద్వారా బ్యాక్టీరియా తక్కిన కాయలన్నిటికీ పాకడానికి. నీళ్లలోకి దిగిన బ్యాక్టీరియా మరో కాయను చేరకముందే దాన్ని చంపడం మందు చేసే మొదటి పని. తొక్కను అంటిపెట్టుకున్న బ్యాక్టీరియాను అది కొంతమేరకే తగ్గిస్తుంది. మందు ప్రధానంగా కాపాడేది నీళ్లనే. ఈ సంగతి తెలిసినవాళ్లు కడిగే తీరు వేరు, తెలియనివాళ్లు కడిగే తీరు వేరు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ తేడాకు చాలా విలువ ఉంది. కంచిలి, కవిటి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి తోటల నేల. పనసకాయలు లారీలకెక్కి ఒడిశాకు, అక్కణ్నుంచి ఇంకా ఉత్తరానికి పోతాయి. 16వ నంబరు జాతీయ రహదారి పక్కన వేసవి పొడుగునా పనస తొనలు, ముంజెలు, కొబ్బరి బొండాలు అమ్ముతారు. పండుకు కొదవలేని ఈ నేలలో మంచినీళ్ల గురించి మాత్రం జనం దశాబ్దాలుగా బెంగపడుతూనే ఉన్నారు.

చెట్టు నుంచి తట్టలోకి

చెట్టున వేలాడే పండు మీద కూడా లక్షల సూక్ష్మజీవులుంటాయి. వాటిలో చాలావాటివల్ల మనిషికి ఏ ముప్పూ లేదు. ముప్పు తెచ్చేవి మనుషుల, పశువుల, పక్షుల పేగుల్లోంచి బయటపడేవి: సాల్మొనెల్లా, షిగెల్లా, ఈ.కోలైలో కొన్ని రకాలు. వీటికి తోడు మట్టిలోనూ తడి యంత్రాల మీదా బతికే లిస్టీరియా ఒకటి. ఇది ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది.

పూర్తిగా చివకని గెత్తం, పశువులు దిగే చెరువు నీళ్లు, కోసేవాళ్ల చేతులు, కడగకుండా ఏళ్ల తరబడి వాడే తట్టలు, గోనె సంచులు, నిన్న మరో సరుకు మోసిన లారీ బల్ల, ఇవే బ్యాక్టీరియా ఎక్కే దారులు. తోటలో కూలీలకు మరుగుదొడ్డి, సబ్బు, చేతులు కడుక్కునే నీళ్లు లేకపోతే ఆ లోటును తర్వాత ఏ మందూ తీర్చలేదు. పండ్ల శుభ్రత గురించిన పాఠాలన్నీ తొట్టి దగ్గర మొదలుపెడుతున్నారు గానీ, అవి మొదలవ్వాల్సింది కూలీల చేతుల దగ్గర.

రాలిన పండు సంగతి ప్రత్యేకం. జీడిమామిడిలో పిక్క కోసం పండు దానంతట అది రాలేవరకూ ఆగుతారు. రాలినదాన్ని ఏరి, పిక్క తీసుకుని, పండును చెట్టు కిందే వదిలేస్తారు. పలాస జీడిపప్పు కార్ఖానాలకు కావలసింది పిక్కే. పలచని తొక్క, రసం నిండిన కండ ఉన్న ఆ పండు ఎండలో కొద్ది గంటల్లోనే పులుస్తుంది. గోవాలో దానితో ఫెనీ కాస్తారు, 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఉద్దానంలో అది ఎక్కువగా నేలపాలే. దాంతో రసమో జామో చేయాలనుకునేవాళ్లు నేల మీద చితికిన పండును మందునీళ్లలో ముంచినంత మాత్రాన సరిపోదు. తొక్క పగిలినచోట బ్యాక్టీరియా కండలోకి దిగిపోతుంది, నీళ్లు అక్కడికి చేరవు. కింద వల కట్టి పట్టడం, పగిలినవి ఏరి పారేయడం, కడిగినవాటిని మరిగించడం, ఈ మూడూ కలిస్తేనే అది తినదగిన సరుకు. నేరేడు పళ్లకూ ఇదే వర్తిస్తుంది.

వరద నీట మునిగిన పండు మరీ ప్రమాదం. 2013 అక్టోబరులో ఫైలిన్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఈ తీరాన్ని కొట్టాయి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. అలాంటప్పుడు పొంగే నీళ్లలో మరుగుదొడ్ల మురుగు, చచ్చిన పశువుల కళేబరాలు, పురుగుమందులు అన్నీ కలిసి ఉంటాయి. ఆ నీళ్లు తగిలిన మెత్తని పళ్లను కడిగి అమ్మడం ఎక్కడా ఒప్పుకోని పని. నష్టం ఎంతదైనా వాటిని పూడ్చిపెట్టాల్సిందే.

క్లోరిన్ ఎలా పనిచేస్తుంది

నీళ్లలో మందు వేసి రోగాన్ని ఆపడం మన దేశానికి కొత్త కాదు. 1890లలో ఆగ్రాలో పనిచేసిన బ్రిటిష్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హాంకిన్ కలరా ఆపడానికి బావుల్లో పొటాషియం పర్మాంగనేట్ వేయించాడు. ఆ గులాబీరంగు నీళ్లు తర్వాత వంటింటికీ వచ్చాయి. ద్రాక్షపళ్లు, కూరగాయలు అందులో నానబెట్టమని డాక్టర్లు చెప్పేవారు. బ్లీచింగ్ పౌడర్ ప్రతి ఊరి బావికీ చేరాక పర్మాంగనేట్ వెనక్కి తగ్గింది. బ్లీచింగ్ పౌడర్‌లో ఉన్నదీ, షెడ్లలో వాడే సోడియం హైపోక్లోరైట్‌లో ఉన్నదీ ఒకటే: క్లోరిన్.

నీళ్లలో పడ్డ క్లోరిన్ రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి హైపోక్లోరస్ ఆమ్లం, రెండోది హైపోక్లోరైట్ అయాన్. బ్యాక్టీరియా పొరను ఛేదించుకుని లోపలికి చొరబడి ఎంజైములను పాడుచేయగలిగేది ప్రధానంగా మొదటి రూపం. నీళ్ల పీహెచ్ 7.5 దగ్గర రెండూ సగం సగం ఉంటాయి. అంతకంటే దిగితే మొదటిది పెరుగుతుంది, పైకెక్కితే తగ్గిపోతుంది. పీహెచ్ మరీ కిందికి పోతే క్లోరిన్ వాయువు పైకి లేచి కూలీల కళ్లు, గొంతు మండిస్తుంది. అందుకే షెడ్లలో పీహెచ్ 6.5 నుంచి 7.5 మధ్య ఉంచుతారు. హైపోక్లోరైట్ స్వతహాగా క్షార గుణం కలది కాబట్టి అది పోసిన కొద్దీ పీహెచ్ పెరుగుతుంది. ఎంత ఎక్కువ పోస్తే అంత బలం అనుకుని పోస్తూ పోయేవాళ్లు నిజానికి నీళ్ల బలాన్ని తగ్గించుకుంటున్నారు.

మోతాదు సాధారణంగా లీటరుకు 50 నుంచి 200 మిల్లీగ్రాములు, అంటే 50 నుంచి 200 పీపీఎం. పండు నీళ్లలో ఉండాల్సింది ఒకటి రెండు నిమిషాలు. 1,000 లీటర్ల తొట్టిలో 100 పీపీఎం రావాలంటే 5 శాతం హైపోక్లోరైట్ 2 లీటర్లు పడుతుంది. అయితే ఈ లెక్క శుభ్రమైన నీళ్లకే. మట్టి, ఆకు ముక్కలు, సొన, చితికిన కండ నీళ్లలో కలిసేసరికి క్లోరిన్ వాటితో చర్యకు దిగి ఖర్చైపోతుంది, బ్యాక్టీరియాకు మిగలదు. పొద్దున 100 పీపీఎంతో మొదలైన తొట్టి పదిన్నరకల్లా వట్టి మట్టినీళ్లుగా మారవచ్చు. వాసన వస్తోందంటే మందు ఉన్నట్టేనని నమ్మడం ప్రమాదకరం. సేంద్రియ పదార్థంతో కలిసి ఖర్చైన క్లోరిన్‌కే ఘాటు వాసన ఎక్కువ. రంగు మారే పరీక్ష పట్టీలు చౌకగా దొరుకుతాయి. గంటకోసారి పట్టీ ముంచి చూసుకుని మందు కలుపుకోవడం, నీళ్లు మురికైతే మొత్తం మార్చేయడం తప్ప వేరే మార్గం లేదు. ముందుగా మామూలు నీళ్లతో మట్టి వదిలించి, ఆ తర్వాతే మందు తొట్టిలోకి దించితే మందు చాలాసేపు నిలుస్తుంది.

ఇంత జాగ్రత్తగా చేసినా ఫలితం ఎంత? తొక్క మీది బ్యాక్టీరియా 90 శాతం నుంచి 99 శాతం దాకా తగ్గుతుంది. వినడానికి ఇది గొప్పగా ఉంటుంది. పండు మీద పది లక్షలుంటే 90 శాతం పోయాక ఇంకా లక్ష మిగులుతాయి, 99 శాతం పోయాక పదివేలు మిగులుతాయి. కోసి ఎండలో పెట్టిన పండు ముక్కపై ఈ పదివేలూ అనుకూల పరిస్థితుల్లో ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతూ సుమారు రెండుంబావు గంటల్లో మళ్లీ పది లక్షలకు చేరగలవు. కడిగి సాధించినదంతా ఒక పూటలో చెల్లిపోతుంది.

మిగిలినవి ఎందుకు పోవన్నదానికి కారణం పండు తొక్కలోనే ఉంది. కంటికి నున్నగా కనిపించే మామిడి తొక్క మీద కూడా సన్నని రంధ్రాలు, తొడిమ ఊడిన మచ్చ, గీతలు ఉంటాయి. మైనపు పొర నీటిని విదిలించి కొడుతుంది, రంధ్రాల్లో గాలి బుడగ నిలిచి నీళ్లను లోపలికి రానివ్వదు. కాలం గడిచిన కొద్దీ బ్యాక్టీరియా జిగురు పొర కట్టుకుని దాని కింద దాక్కుంటుంది. అందుకే కోసిన వెంటనే కడిగితే వచ్చే ఫలితం రెండు రోజుల తర్వాత కడిగితే రాదు.

క్లోరిన్ కాకుండా వాడే మందుల్లో పెరాసిటిక్ ఆమ్లం ముఖ్యమైనది. సుమారు 80 పీపీఎం చాలు, మట్టి కలిసిన నీళ్లలో కూడా క్లోరిన్ కంటే బాగా నిలుస్తుంది, చివరికి వినెగర్‌లో ఉండే ఆమ్లంగా, నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. ఖరీదు ఎక్కువ, గాఢమైన డబ్బాలు చేతులు కాల్చేస్తాయి. ఓజోన్ ఏ అవశేషమూ మిగల్చదు గానీ యంత్రం, కరెంటు, గాలి వెలుతురు ఉన్న గది కావాలి. చిన్న షెడ్డుకు క్లోరినే అందుబాటులో ఉన్న దారి.

మామిడి నేర్పిన పాఠం

1999 డిసెంబరులో అమెరికాలో 13 రాష్ట్రాల్లో 78 మంది సాల్మొనెల్లా న్యూపోర్ట్ సోకి జబ్బుపడ్డారు. ఇద్దరు చనిపోయారు. ఆరా తీస్తే అందరూ తిన్నది మామిడిపళ్లేనని, అవి బ్రెజిల్‌లోని ఒకే తోట నుంచి వచ్చాయని తేలింది. ఆ తోట పళ్లు ఐరోపాకు కూడా వెళ్లాయి, అక్కడ మాత్రం ఎవరూ జబ్బుపడ్డట్టు తేలలేదు. రెండింటికీ ఉన్న తేడా ఒకటే. అమెరికాకు పోయే పళ్లను పండు ఈగ గుడ్లు చావడానికి సుమారు 46 డిగ్రీల సెల్సియస్ వేడినీళ్లలో గంటకు పైగా ఉంచి, తర్వాత చల్లనీళ్లలో ముంచేవారు. ఐరోపాకు పోయేవాటికి ఆ నియమం లేదు.

వేడెక్కిన పండు లోపలి గాలి చల్లనీళ్లు తగలగానే కుంచించుకుపోతుంది. ఏర్పడిన ఖాళీని పూడ్చడానికి పండు తొడిమ మచ్చ ద్వారా చుట్టూ ఉన్న నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. ఆ చల్లనీళ్లలో సాల్మొనెల్లా ఉంటే అది కండలోకి చేరుతుంది. అక్కడున్నదాన్ని ఎన్నిసార్లు కడిగినా తీయలేం. పురుగును చంపడానికి చేసిన శుద్ధే బ్యాక్టీరియాకు తలుపు తెరిచింది. తప్పు వేడినీళ్లది కాదు, తర్వాత ముంచిన నీళ్లలో మందు లేకపోవడమే తప్పు.

మన మామిడికీ ఈ పాఠం దగ్గరిదే. 2014 మే 1 నుంచి ఐరోపా సమాఖ్య పండు ఈగ కారణంగా భారత మామిడిని నిషేధించి, 2015 జనవరిలో ఎత్తేసింది. ఆ తర్వాత ఎగుమతి మామిడిని 48 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచడం పరిపాటి అయింది. ఎగుమతి సంగతి అటుంచి, వైశాఖ మాసపు మధ్యాహ్నం కోసిన కాయ కండ దానంతటదే వేడెక్కి ఉంటుంది. దాన్ని తెచ్చీ తేగానే బావి నీళ్ల గాబులో గుమ్మరిస్తే ఆ బ్రెజిల్ తోటలో జరిగినదే చిన్న స్థాయిలో జరుగుతుంది. కాయను నీడన ఆరబోసి చల్లారనివ్వాలి. లేదా నీళ్లు పండుకంటే సుమారు 5 డిగ్రీలు వెచ్చగా ఉండాలి. తొడిమను కాస్త పొడుగ్గా ఉంచి కోస్తే సొన కారదు, లోపలికి దారీ తెరుచుకోదు.

2011లో కొలరాడోలో జరిగింది ఇంకా ఘోరం. ఒక తోట తన కర్బూజా పళ్లను కడగడానికి అంతకుముందు బంగాళాదుంపలకు వాడిన యంత్రం పెట్టుకుంది. నీళ్లలో క్లోరిన్ కలపలేదు. యంత్రంలో, నేల మీద నిలిచిన తడిలో లిస్టీరియా పెరిగింది. 28 రాష్ట్రాల్లో 147 మంది జబ్బుపడ్డారు, 33 మంది చనిపోయారు. కర్బూజా తొక్కను ఎవరూ తినరు. కత్తి తొక్కను చీల్చుకుంటూ కండలోకి దిగినప్పుడు తొక్క మీదిది కూడా దానితోపాటే లోపలికి పోయింది.

పనస, ముంజె, బొండం

తొక్క తినని పండును కడగక్కర్లేదన్న నమ్మకం ఉద్దానంలోనూ బలంగా ఉంది. పనసకాయ నేల మీదే పెరుగుతుందా అన్నట్టు మొదలు దగ్గర కాస్తుంది, కోసి కుప్పపోస్తారు, లారీలో తొక్కుతారు. దాని ముళ్ల సందుల్లో మట్టి, పేడ ఇరుక్కుంటాయి. కాయను నిలువునా చీల్చే కత్తి ఆ ముళ్లన్నిటినీ దాటుకుంటూ తొనల్లోకి దిగుతుంది. జిగురు అంటకుండా చేతికీ కత్తికీ రాసుకునే నూనె ఒక కాయ నుంచి మరో కాయకు మురికిని మోస్తుంది. ఆ నూనె వట్టి నీళ్లకు వదలదు, సబ్బు కావాలి. కాబట్టి పనసకు చేయాల్సింది ఇది: కోయకముందు కాయను గట్టి బ్రష్షుతో మంచినీళ్ల కింద రుద్దాలి, కత్తిని, పీటను సబ్బుతో కడిగి క్లోరిన్ నీళ్లతో తుడవాలి, తీసిన తొనలను మళ్లీ కడగకుండా మూతపెట్టి చల్లగా ఉంచాలి. తొనలను నీళ్లలో కడిగితే శుభ్రత రాదు, తడి పెరుగుతుంది, రుచి పోతుంది.

ముంజెల విషయంలో మందునీళ్లకు పాత్ర దాదాపు లేదు. తాటికాయ లోపల అవి శుభ్రంగానే ఉంటాయి. వాటిని పాడుచేసేది వేలు పెట్టి పెకలించే చేయి, తడి గోనె మీద పరచడం, తాజాగా కనిపించాలని చల్లే నీళ్లు. రోడ్డు పక్క పండ్లు ఏవైనా, మెరుపు కోసం చల్లే ఆ చెంబెడు నీళ్లు ఎక్కడివన్నది కొనేవాళ్లు అడగాల్సిన ప్రశ్న.

ఉద్దానానికి మందు తొట్టి నిజంగా కొత్త డబ్బు తెచ్చిపెట్టగలిగేది బొండంలోనే. పగలని బొండం లోపలి నీళ్లు సూక్ష్మజీవులు లేని నీళ్లు. కత్తి వేటుతోనూ గొట్టంతోనూ మురికి లోపలికి పోతుంది. బొండం బరువులో పెద్ద వాటా పీచుదే కాబట్టి దూరం పంపాలంటే పీచు చెక్కేయాలి. చెక్కగానే తెల్లని పీచు గోధుమరంగుకు తిరిగి బూజు పడుతుంది. దీనికి కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం, కొబ్బరి అభివృద్ధి బోర్డు కలిసి తెచ్చిన పద్ధతి ఒకటుంది. పీచు కొంత చెక్కిన బొండాన్ని 0.5 శాతం సిట్రిక్ ఆమ్లం, 0.5 శాతం పొటాషియం మెటాబైసల్ఫైట్ కలిపిన నీళ్లలో మూడు నిమిషాలు ముంచుతారు. అంటే లీటరు నీళ్లకు ఒక్కొక్కటి 5 గ్రాములు. తీసి ఆరబెట్టి, 5 నుంచి 7 డిగ్రీల చల్లదనంలో ఉంచితే 24 రోజుల దాకా నిలుస్తుంది.

ఈ రెండు పదార్థాలూ ఒకదానికొకటి సాయం. మెటాబైసల్ఫైట్ నీళ్లలో కరిగి సల్ఫర్ డయాక్సైడ్‌ను వదులుతుంది. అది రంగు మార్చే ఎంజైమును ఆపుతుంది, బూజును, బ్యాక్టీరియాను ఎదగనివ్వదు. నీళ్లు పుల్లగా ఉన్నప్పుడే దాని ప్రభావం ఎక్కువ, ఆ పులుపు సిట్రిక్ ఆమ్లం ఇస్తుంది. సల్ఫైట్లు కొందరు ఉబ్బసం రోగులకు పడవు కాబట్టి ముంచిన సంగతి చీటీ మీద రాయడం ధర్మం. బొండాన్ని చెట్టు పైనుంచి నేలకు విసిరేస్తే లోపల పెంకుకు కనపడని చీలిక వస్తుంది, ఆ తర్వాత ఏ నీళ్లలో ముంచినా వృథా. తాడుతో దించాలి. ముంచిన తర్వాత చల్లని గది, చల్లని బండి లేకపోతే 24 రోజుల మాట మరిచిపోవాలి. కంచిలి నుంచి బొండాలు ఎండలో లారీ మీద పోతున్నంతకాలం ఈ పద్ధతి కాగితం మీదే ఉంటుంది. రైతు సంఘాలకు ముందుగా కావలసింది శీతల గిడ్డంగే, మందు డబ్బా తర్వాతి మాట.

ఇలాంటి ఏర్పాటు మన రాష్ట్రంలోనే అరటికి జరిగింది. అనంతపురం, కడప ప్రాంతాల ఎగుమతి అరటి గెలలను హస్తాలుగా కోసి, నీళ్ల తొట్లలో పాలు వదిలే దాకా ఉంచి, పటికతో, క్లోరిన్‌తో శుభ్రం చేసి, ఆరబెట్టి పెట్టెల్లో సర్దుతారు. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై రేవుకు శీతల కంటైనర్లతో ప్రత్యేక రైలే కదిలింది. తోట, తొట్టి, చల్లని బండి ఒకే వరసలో కుదిరాయి కాబట్టే అది సాధ్యమైంది.

ఇంటి వంటగదిలో

ఇంటికి తెచ్చిన పండుకు పారే మంచినీళ్ల కింద చేత్తో రుద్ది కడగడమే అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి. రుద్దడం, పారడం రెండూ కలిసి చాలా వరకు బ్యాక్టీరియాను వదిలిస్తాయి. గిన్నెలో నానబెట్టడం అంత మేలు కాదు. ముందు చేతులు కడుక్కోవాలి, తొడిమ తీయకుండా కడగాలి, కడిగాక శుభ్రమైన గుడ్డతో తుడవాలి. ఆ తుడుపు కూడా బ్యాక్టీరియాను తగ్గిస్తుంది. ద్రాక్ష వంటివి తినే ముందే కడగాలి. తడితో దాస్తే బూజు పడతాయి.

కోవిడ్ రోజుల్లో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ పళ్లను వెచ్చని నీళ్లలో 50 పీపీఎం క్లోరిన్ కలిపి ముంచి, తర్వాత తాగేనీళ్లతో కడగవచ్చని చెప్పింది. సబ్బు, క్రిమిసంహారక ద్రావణాలు వాడొద్దనీ చెప్పింది. 5 శాతం హైపోక్లోరైట్ ఒక మిల్లీలీటరు లీటరు నీళ్లలో కలిపితే 50 పీపీఎం అవుతుంది. సువాసన, రంగు కలిపిన బట్టల బ్లీచ్ ఇందుకు పనికిరాదు. పండు తొక్కకు సన్నని రంధ్రాలుంటాయి కాబట్టి సబ్బు లోపలికి ఇంకి కడుపు చెడగొడుతుంది.

ఉప్పునీళ్లు, పసుపు నీళ్లు మట్టిని వదిలిస్తాయి తప్ప వంటింటి మోతాదులో ఈ బ్యాక్టీరియాను చంపవు. వినెగర్ కొంత పనిచేస్తుంది. తినే సోడా గురించి ఊరూరా తిరిగే మాటకు మూలం 2017లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో యాపిల్ మీద జరిగిన పరిశోధన. అది చూసింది తొక్క మీది పురుగుమందుల గురించి, బ్యాక్టీరియా గురించి కాదు. వినెగర్‌ను, బ్లీచ్‌ను ఎన్నడూ కలపకూడదు. విషవాయువు వెలువడుతుంది.

కడగడంతో పోనివి కూడా కొన్ని ఉన్నాయి. కార్బైడ్‌తో మాగబెట్టిన పండు మాగబెట్టినదే, పండు లోపలికి ఇంకిన పురుగుమందు లోపలే ఉంటుంది. హెపటైటిస్ ఏ, నోరోవైరస్ వంటివి ఈ మోతాదు క్లోరిన్‌ను బ్యాక్టీరియా కంటే బాగా తట్టుకుంటాయి. మురుగు తగిలిన పండును ఆదా చేయాలని చూడకుండా పారేయమనడానికి ఇదే కారణం.

నీళ్లు, మూత్రపిండాలు

ఏ మందు వాడినా చివరిగా పండు మీద పోసే నీళ్లు తాగదగినవి కాకపోతే అంతా మొదటికి వస్తుంది. భారత తాగునీటి ప్రమాణం ప్రకారం కుళాయి నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఇంటి మీది ట్యాంకు నెలల తరబడి కడగకపోతే ఆ కాస్తా అక్కడే హరించుకుపోతుంది. ఉద్దానానికి వంశధార మీది హిరమండలం జలాశయం నుంచి తాగునీరు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. ఈ ప్రాంతాన్ని ఏళ్లుగా పీడిస్తున్న కిడ్నీ వ్యాధి కోసం పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి అప్పుడే మొదలయ్యాయి. పండ్ల షెడ్డు పెట్టాలనుకునే సంఘం తన తొట్టిని ఊరి కుంటకు కాకుండా శుద్ధి చేసిన నీటి గొట్టానికి కలుపుకోవాలి. అది లేనిచోట బోరు నీళ్లను పరీక్ష చేయించి, క్లోరిన్ కలిపాకే వాడాలి.

ఈ ప్రాంతంలో కలుషిత పండు తెచ్చే విరేచనాలను చిన్న జబ్బుగా తీసిపారేయలేం. నీళ్లు పోయి ఒళ్లు ఎండిపోతే మూత్రపిండాల మీద దెబ్బ పడుతుంది, అప్పటికే అవి బలహీనపడినవారికి ఆ దెబ్బ మరీ గట్టిది. ఈ.కోలైలో షిగా విషాన్ని చేసే రకాలు నేరుగా మూత్రపిండాలనే దెబ్బతీస్తాయి. 1996లో అమెరికాలో మరిగించని యాపిల్ రసంతో పిల్లలకు జరిగింది అదే. 2011లో జర్మనీలో మెంతి మొలకల వల్ల 50 మందికి పైగా చనిపోయినప్పుడూ జరిగింది అదే. ఇది ఉన్నట్టుండి వచ్చే జబ్బు. ఉద్దానంలో ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదిరే కిడ్నీ వ్యాధి దీనికి పూర్తిగా వేరు. ఒకదానికి మరొకటి కారణమని ఎవరూ అనుకోకూడదు.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి తర్వాత మందులు వాడుతున్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు, ముసలివాళ్లు రోడ్డు పక్క కోసి పెట్టిన పండు తినకపోవడం మేలు. పండు తినాలనిపిస్తే ఇంట్లో కడిగి, అప్పటికప్పుడు కోసుకుని, రెండు గంటల్లోపు తినాలి. జబ్బు ముదిరిన కిడ్నీ రోగుల విషయంలో ఇంకొక మాట ఉంది. కొబ్బరి నీళ్లలో, అరటిలో, పనసలో పొటాషియం ఎక్కువ. ఏ మందునీళ్లూ దాన్ని తీయలేవు. వాటిని తాకేముందు పలాస ఆసుపత్రిలోనో, తాము చూపించుకునే చోటనో డాక్టరును అడగాలి.